ఎర్ర పెచ్చుల డబ్బా

మనవరాలు తిండి మానేసిన తొమ్మిదో రోజున పెచ్చులాయనకు తన మేస్త్రీ చేతులు గుర్తొచ్చాయి. అవి గుర్తొచ్చిన పూట నుంచి ఆయనకూ ముద్ద గొంతు దిగలేదు.

మేస్త్రీ పోయి పాతికేళ్ళు దాటింది. ఇనప గేట్లకు, వంతెన కమ్మీలకు, పాత మేడల కిటికీలకు ఉన్న రంగు గీకి కొత్త రంగు వెయ్యడంలో ఆయన్ని మించినవాడు లేడనేవారు. అలాంటివాడి చేతులు చివరి రెండేళ్ళలో, ముందుకు చాస్తే మణికట్టు దగ్గర నుంచి తడిగుడ్డల్లా వేలాడిపోయేవి. గ్లాసు ఎత్తలేడు, చొక్కా గుండీ పెట్టుకోలేడు. కడుపులో నొప్పి లేస్తే గోడకు చేరబడి వెక్కివెక్కి ఏడ్చేవాడు. పని నేర్పే రోజుల్లో శిష్యుడికి ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పిన మాట ఒక్కటే.

"ఇనుము మీద పాత ఎర్ర రంగు ఉంటుంది చూశావూ, అందులో సీసం ఉందిరా. తడిపి గీకు, నోరు మూసుకుని గీకు. నాలిక్కి తియ్యగా తగుల్తుంది. ఆ తీపిని నమ్మకు."

చెప్పిన మనిషి మాత్రం నోట్లో సిగరెట్టు పెట్టుకుని, పొడిగానే గీకేవాడు. నీతులున్నది ఎదుటివాడికి చెప్పడానికే కదా. శిష్యుడు మాత్రం విన్నాడు. ముప్ఫై ఏళ్ళు పక్కన నీళ్ళ బాల్చీ లేకుండా గీకుడు బిళ్ళ ముట్టుకోలేదు. అందుకే అరవై మూడేళ్ళ వయసులోనూ ఆయన చేతులు తిన్నగా ఉన్నాయి. ఆ చేతుల్ని చూసుకుని కాస్త గర్వం కూడా ఉండేది, ఎందుకు దాచాలి.

మోకాలు మొరాయించి నిచ్చెన దిగేశాక ఆయనకు ఇంకో పిచ్చి పట్టుకుంది. ఎక్కడ పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసినా సంచి పట్టుకుని వెళ్ళి, గోడల నుంచి, తలుపుల నుంచి ఊడిపడ్డ రంగు పెచ్చులు ఏరుకొచ్చేవాడు. మనకు పెచ్చు అంటే చెత్త. ఆయన దాని అంచు చూసేవాడు. పైన తెలుపు, దాని కింద ఎవరింట్లోనో పెళ్ళికని కొట్టించిన నీలం, ఆ కింద ఏదో ఆఫీసులో మిగిలిపోతే తెచ్చి పూసిన ఆకుపచ్చ, అన్నిటికన్నా అడుగున మొట్టమొదటి మనిషి ముచ్చటపడి వేయించుకున్న రంగు. నలభై యాభై ఏళ్ళ కాపురాలు గోరంత మందంలో ఉండేవి. వాటిని రంగుల వారీగా డబ్బాల్లో సర్ది, పాత తలుపు చెక్కల మీద జిగురు పరిచి, కొన్ని అంటించి, కొన్ని దంచి చల్లి, బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు.

బొమ్మలంటే చెట్టూ పుట్టా కాదు. ముఖం లేదు, ఇల్లు లేదు. "ఇందులో బొమ్మ ఏదండీ?" అని పక్కింటాయన అడిగితే, "చూస్తున్నావుగా, అదే" అని జవాబు. ఒకసారి ఆ పక్కింటాయనే మొహమాటానికి ఒకటి తీసుకుపోయి తలకిందులుగా తగిలించాడు. పెచ్చులాయన వెళ్ళి చూసి, ఇలాగే బాగుంది, ఉంచెయ్యమన్నాడు. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని వీధిలో నవ్వుకున్నారు. ఆయన రోకలి తలకు చుట్టుకోలేదు గాని, పెచ్చులు దంచడానికి ఇనప రోలొకటి కొనుక్కొచ్చాడు.

ఆ చిన్న గదిలో ఆయన చెయ్యని ప్రయోగం లేదు. పొగగొట్టం మసి పట్టించాడు. తుప్పు మేకులు నానేసిన నీళ్ళు పోశాడు. ఇటుక పొడి జల్లెడ పట్టాడు. జిగురులో టీ డికాషన్ కలిపితే నెల తిరగకుండా బూజు పట్టి బొమ్మకు మీసాలు మొలిచాయి. రోడ్డు వేసేవాళ్ళనడిగి తెచ్చిన తారు ఎన్నాళ్ళకూ ఆరక, పటాలు కట్టే షాపావిడ చేతిసంచి దానికి అంటుకుపోయింది. ఆవిడ సంచిని పీక్కుని, అది పీక్కున్నచోట పడిన మచ్చను చాలాసేపు చూసి, ఈ బొమ్మ నా షాపు అద్దంలో పెడతానంది. మూడు బొమ్మలు అలా పెట్టింది. వాటిని చూసిన వాళ్ళెవరో, కొత్తగా కట్టిన లైబ్రరీ హాల్లో ఎదురు గోడకు తలుపంత బొమ్మ కావాలన్నారు. ఎర్రది కావాలన్నారు.

ముప్ఫై ఏళ్ళు ఆయన రంగు వేశాడు. గోడ బాగుందన్నారు, గేటు బాగుందన్నారు. ఆయన రంగును రంగు కోసం చూసిన వాళ్ళు లేరు. లైబ్రరీ వాళ్ళు అడిగారని వినగానే ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఎరుపు కోసం వెతికితే, తీసేసిన పాత వంతెన కమ్మీలు ఒకచోట కుప్పపోసి కనిపించాయి. నాలుగు సంచుల పెచ్చులు తెచ్చాడు. అది ఏ ఎరుపో ఆయనకు తెలియక కాదు. చూడగానే తెలిసింది. తడిపి దంచితే రంగు మట్టికొట్టుకుపోతోంది. పొడిగా దంచితే గరుగ్గా, లోపల్నుంచి వెలుగు వచ్చినట్టు ఉంటోంది. ముప్ఫై ఏళ్ళు తడిపి గీకిన మనిషి, ఒక నెలపాటు పొడిగా దంచాడు. ఒక్క బొమ్మకే కదా అనుకున్నాడు. కిటికీ మూసుకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. పని కాగానే చేతులు రుద్ది కడుక్కుని, రంగు పనివాళ్ళలో ఉన్న నమ్మకం కొద్దీ గ్లాసుడు పాలు తాగేవాడు. పాలు విషాన్ని విరిచేస్తాయని వాళ్ళలో ఎవరు మొదలుపెట్టారో గాని, తాగిన వాళ్ళందరూ నమ్మారు. గదికి తాళం వేసి, తాళంచెవి గుమ్మం పైకమ్మీ మీద పెట్టేవాడు. ఆ గదిలోకి పిల్లను రానివ్వొద్దని కూతురికి గట్టిగా చెప్పాడు.

పిల్లను ఇంట్లో బుడంకాయ అంటారు. రెండున్నరేళ్ళు. తండ్రి లారీ తోలుతాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. తల్లి, అంటే పెచ్చులాయన కూతురు, ముందు గదిలో మిషను పెట్టుకుని బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను చప్పుడంటే బుడంకాయకు పడదు. తాత ఇంట్లో ఉంటే తాత చంక దిగదు. ఆయన ఉదయం పది గంటలకు పెచ్చుల వేటకు వెళ్తే, వచ్చేదాకా వాకిట్లో నిలబడి దారిన పోయేవాళ్ళందర్నీ "మా తాత ఏడీ?" అని నిలదీసేది. రెండున్నరేళ్ళకే వాగుడుకాయ.

అలాంటి పిల్ల మొదట తిండి మీద అలిగింది. మారాం అనుకున్నారు. తర్వాత కడుపు పట్టుకుని ముడుచుకోవడం, మూడు రోజులకోసారి గాని దొడ్డికి వెళ్ళకపోవడం, ఎత్తుకుంటే ఏడవడం, దించితే ఏడవడం మొదలయ్యాయి. వీధి చివర డాక్టరు నులిపురుగులన్నాడు, మందిచ్చాడు. పురుగులూ పడలేదు, ఏడుపూ తగ్గలేదు. తొమ్మిదో రోజున, పిల్ల గోడకు చేరబడి కడుపు మీద చెయ్యి పెట్టుకుని వెక్కుతుంటే, పెచ్చులాయనకు ఆ గోడ పక్కన మేస్త్రీ కనిపించాడు.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

దుమ్ము ఎలా వచ్చుంటుందా అని ఆలోచించాడు. గది తాళం వేసే ఉంది. చేతులు కడుగుతున్నాడు. అప్పుడు చొక్కా గుర్తొచ్చింది. దంచినప్పుడు వేసుకున్న చొక్కాతోనే బయటికి వచ్చి, పిల్లను ఎత్తుకునేవాడు. పిల్ల ముఖం ఆ భుజం మీదే రుద్దుకునేది, అక్కడే నిద్రపోయేది. చేతులు కడుక్కున్న తెలివి చొక్కా దాకా రాలేదు. ఆ మధ్యాహ్నం కూతురు నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఉన్న చొక్కాలన్నీ మూటకట్టి తీసుకుపోయి చెత్త బండిలో పడేశాడు. ఎర్ర డబ్బా కూడా పడేశాడు. రోలు బోర్లించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అచ్చంగా అదే పని.

ఇక తగ్గుతుందని ఎదురుచూశాడు. పిల్ల నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. చేతులు చాపు తల్లీ అని ఆట ఆడించేవాడు. చాపిన చేతులు తిన్నగా నిలబడ్డాయా, వేళ్ళు వాలుతున్నాయా అని చూసేవాడు. కూతురు అది చూసి, ఏంటి నాన్నా ఆ ఆట అని అడిగితే, ఊరికే అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ రోజుల్లో ఆమె కూడా పెద్దగా మాట్లాడటం లేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి, తాళం వేసిన గది వైపు చూసేది. చూపు తిప్పుకుని మళ్ళీ తొక్కేది. తనను అనుమానిస్తోందనే ఆయన అనుకున్నాడు.

చెప్పెయ్యాలని రోజుకు పదిసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే కూతురు పిల్లను తీసుకుని అత్తవారింటికి వెళ్ళిపోతుంది. వెళ్ళిపోవడం కూడా కాదు, వెళ్ళే ముందు తన ముఖం వైపు ఒకసారి చూస్తుంది. ఆ చూపుకు భయపడ్డాడు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. అంత భయంలోనూ, గదిలో సగం ఎర్రబడి నిలబడి ఉన్న బొమ్మ ఆయనకు గుర్తొచ్చేది. మిగతా సగానికి రంగెక్కడ దొరుకుతుందని మనసులో ఒక మూల ఆలోచన నడిచేది. దాన్ని పట్టుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేసేది.

పద్నాలుగో రోజున పిల్ల ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయింది. ఇద్దరూ కలిసి పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పిల్ల కనురెప్ప లాగి చూసింది, పొట్ట నొక్కి చూసింది, పేరు పిలిచింది. పిల్ల తల తిప్పలేదు. డాక్టరమ్మ ముఖంలో నవ్వు తగ్గింది. ఒక కాగితం ముందు పెట్టుకుని వరసగా ప్రశ్నలు వేసింది. నీళ్ళెక్కడివి, పాలెక్కడివి, మట్టి తింటుందా, ఇంతకుముందు జబ్బులున్నాయా. చివరికి తలెత్తకుండానే అడిగింది.

"ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పనో, రంగుల పనో చేస్తారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, పెచ్చులాయన చెయ్యి దానంతటదే పైకి లేవబోయింది. ఈలోపు కూతురు జవాబు చెప్పేసింది.

"ఎవరూ చెయ్యరండీ. నాన్న ఇదివరకు చేసేవారు, మానేసి నాలుగేళ్ళయింది."

తను చేసేది పని కిందే లెక్క కాదన్నమాట అనుకున్నాడు. మరో రోజైతే ఆ మాట గుచ్చుకునేది. ఆ రోజు దాని చాటున దాక్కున్నాడు. డాక్టరమ్మ సరే అని, రక్తం తక్కువగా ఉన్నట్టుంది, ఈ మందు వారం వాడి రమ్మని రాసిచ్చింది. ముగ్గురూ బయటికొచ్చారు.

బస్టాపులో బల్ల మీద కూర్చున్నారు. పిల్ల ఆయన ఒళ్ళో ఉంది. ఎదురుగా రోడ్డు మీద ఎర్ర బస్సు ఆగింది, కుక్క మొరిగింది, ఒకావిడ బుడగలు పట్టుకుని పోయింది. పిల్ల దేన్నీ చూడలేదు. ఆయన బుగ్గ మీద చిటికేసి, "నేనెవర్ని చెప్పు" అన్నాడు. అది వాళ్ళ పాత ఆట. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ఒక కేక. పిల్ల ఆయన ముఖంలోకి చూసింది. పెదవులు కదిపింది. మాట కోసం లోపల వెతుక్కుంది. దొరకలేదు. నెల కిందట దారినపోయే వాళ్ళందర్నీ అడిగిన మాట అది, ఇప్పుడు దాని దగ్గర లేదు. పెచ్చులాయన ఒళ్ళంతా చల్లబడిపోయింది. కూతురి చూపు, లైబ్రరీ గోడ, తన పరువు అన్నీ ఆ చలిలో కొట్టుకుపోయాయి.

"లేమ్మా, వెనక్కి వెళ్దాం. డాక్టరమ్మకి అబద్ధం చెప్పాం."

కూతురు లేచి నిలబడింది. ఏ అబద్ధమని అడగలేదు. సంచి తీసుకుని ఆయన వెనకే నడిచింది.

డాక్టరమ్మ గదిలో వేరే వాళ్ళున్నారు. ఆయన వాళ్ళు వెళ్ళేదాకా కూడా ఆగలేదు. నిలబడే చెప్పాడు. పాత రంగులు దంచి బొమ్మలు చేస్తానని, అందులో ఎరుపు వంతెన కమ్మీలదని, దాంట్లో సీసం ఉంటుందని తనకు ముందే తెలుసునని, తెలిసే దంచానని చెప్పాడు. దుమ్ము పట్టిన చొక్కాతో పిల్లను ఎత్తుకున్నానన్నాడు. ఆ చొక్కాలు పారేశానని కూడా చెప్పాడు, అదేదో ఘనకార్యం అయినట్టు. కూతురి వైపు చూడకుండా, బల్ల మీదున్న కాగితాలకు చెబుతున్నట్టు చెప్పాడు.

డాక్టరమ్మ కేకలెయ్యలేదు. దుమ్ము ఎన్నాళ్ళ నుంచి, రోజుకు ఎంతసేపు అని అడిగి రాసుకుంది. చొక్కా మీది దుమ్ముతోనే పిల్ల ఇంతగా పడిపోవడం కాస్త వింతగా ఉందంది. నోట్లోకి నేరుగా ఏమైనా వెళ్ళిందా అని అడిగింది. లేదు, ఆ గదికి తాళం ఉంటుందని ఆయన అంటుండగానే కూతురు అందుకుంది.

"నేనే తీసేదాన్ని నాన్నా."

ఆయన తల తిప్పాడు.

"నువ్వు పదింటికి వెళ్తే పన్నెండు దాకా రావు. మిషను తొక్కితే ఇది ఏడుపు. నెల కిందట ఒకరోజు ఆ గదిలో కూర్చోబెడితే డబ్బాలు మూతలు తీసుకుంటూ పెట్టుకుంటూ గంటసేపు కిక్కురుమనలేదు. రోజూ కూర్చోబెట్టాను. నువ్వొచ్చే ముందు దాని మూతి తుడిచి, తాళం పెట్టేసేదాన్ని. దాని నోటి చుట్టూ ఎర్రగా ఉండేది. పెదాలకు పూసుకుందనుకున్నాను." ఆమె కొంగుతో పిల్ల పెదాలు తుడిచింది. "మొన్న చూస్తే ఎర్ర డబ్బా లేదు. నీకు తెలిసిపోయిందనుకున్నా. నువ్వు అడుగుతావేమోనని వణికి చస్తున్నా."

అయిదు రోజులుగా ఒకే కప్పు కింద, ఒకరి భయం ఒకరికి చెప్పకుండా ఇద్దరూ తిరిగారు. తియ్యగా తగుల్తుందిరా అన్న మేస్త్రీ మాట ఆయన చెవిలో మోగింది. ఆ మాట కూతురికి తను ఎప్పుడూ చెప్పలేదు. రానివ్వొద్దు అన్నాడే గాని ఎందుకో చెప్పలేదు. చెబితే ఆ ఎర్ర పెచ్చుల్ని ఇంట్లో ఉండనిచ్చేది కాదు, అందుకు.

ఆ తర్వాత అంతా పరుగే. డాక్టరమ్మ లేచి తనే పిల్లను ఎత్తుకుని ఫొటో తీసే గదికి తీసుకెళ్ళింది. పావుగంటలో పొట్ట ఎక్స్‌రే వెలుగుతున్న తెర మీద పెట్టింది. నల్లటి దాని మీద పక్కటెముకల కింద, తుంటి ఎముక పైన, తెల్లటి చుక్కలు, చిన్నచిన్న ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కొన్ని గుండ్రంగా, కొన్ని మూల విరిగి. కూతురికి అర్థం కాలేదు. అవేంటి నాన్నా అంది, అలవాటు కొద్దీ.

"పెచ్చులమ్మా," అన్నాడు. "నావే."

ఎన్నున్నాయో లెక్కపెట్టబోయాడు. కళ్ళు మసకలు కమ్మి మానేశాడు.

కడుపులోవి బయటికి పంపించే మందు ముక్కులోంచి గొట్టం వేసి ఎక్కిస్తామని, రక్తంలో చేరినదానికి వేరే మందు ఉందని, చాలా రోజులు పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. కడుపులో ఇన్ని ఉండగా మొదట రాసిచ్చిన రక్తం పట్టే మందుతో వారం ఇంట్లోనే ఉంచి ఉంటే ఏమయ్యేదో ఆవిడ చెప్పలేదు. మాటలు పూర్తిగా వస్తాయా అని కూతురు అడిగింది. డాక్టరమ్మ చూద్దాం అంది. పెద్దాయన కూడా పరీక్ష చేయించుకోవాలంది. ఆయన ఆ మాట విననే లేదు.

వార్డులో పిల్లను మంచం మీద పడుకోబెట్టారు. నర్సు సూది పట్టుకుని, చేతులు తల్లి పట్టుకోవాలి, కాళ్ళు ఇంకొకరు గట్టిగా పట్టుకోవాలి, ఈ వయసు పిల్లలు ఎగిరి తంతారు అంది. కూతురు ఆయన వైపు చూసింది. ఏ చూపుకు ఇన్నాళ్ళూ భయపడ్డాడో అది కాదు. "రా నాన్నా, పట్టుకో" అంది.

ఆయన ఒక అడుగు వేసి ఆగిపోయాడు. వేసుకున్నది కొత్త చొక్కానే. అయినా విప్పేసి కిటికీ మీద పడేశాడు. మూల ఉన్న కుళాయి దగ్గర మోచేతుల దాకా కడిగాడు, మళ్ళీ కడిగాడు. నర్సు విసుక్కుంది. ఒట్టి ఒంటితో వచ్చి, మంచం కొసన వంగి, రెండు కాళ్ళూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. చల్లగా ఉన్నాయి. పట్టుకోవలసిన పనే లేదు, అవి కదలడం లేదు. నర్సు చేతి మీద నరం కోసం తట్టింది, పిల్ల ఊరుకుంది. దూదితో రుద్దింది, ఊరుకుంది. ఎగిరి తన్నే వయసు పిల్ల ఇలా పడి ఉంటే ఆయన చూడలేకపోయాడు. తన్ను తల్లీ, తన్ను అని లోపల గొణుక్కున్నాడు.

సూది దిగింది. ఆయన అరచేతిలో ఎడమకాలు ఒక్కసారి ముడుచుకుని, విసురుగా కాదు గాని, ఆయన బొటనవేలిని నెట్టింది.

కూతురు కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది.

"తన్నిందమ్మా," అన్నాడు ఆయన. "నన్ను తన్నింది."

"నిజంగానా?" అంది ఆమె, కళ్ళు తెరవకుండానే.